పెద్దాయన్ని కిందికి దించే ఆచారం

సునామీ వచ్చి పోయిన పన్నెండో రోజున పైడిబాబు వాళ్ళ బాబాయి దాలయ్య కొట్లో పని మానేశాడు. మానేశానని పైడిబాబు అంటాడు. తరిమేశానని దాలయ్య అంటాడు. ఇద్దరూ ఒప్పుకునే సంగతి ఒక్కటే: భూకంపం వచ్చిన పొద్దున పోర్ట్‌బ్లెయిర్ హాడోలోని ఆ హార్డ్‌వేర్ కొట్లో నలభై రెండు రంగు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పడి, మూతలూడి, కొట్టంతా ఏడు రంగుల్లో మునిగింది. అండమాన్ మొత్తం ఊగింది బాబాయ్ అంటే దాలయ్య వింటేగా.

"ఊగితే ఊగింది. డబ్బాలు పేర్చిందెవడు?"

దాలయ్య లెక్క ప్రకారం ఆ భూకంపం తొమ్మిది పాయింట్లయితే, అందులో ఆరు భూమివి, మూడు పైడిబాబువి.

"ఇక్కడ మానేసి ఎక్కడికెళ్తావురా?"

"సొంతంగా చేసుకుంటాను బాబాయ్. ఫ్రీలాన్సు."

"అంటే?"

"ఒకడి కింద పని చెయ్యకుండా అందరికీ పని చెయ్యడం."

"మా రోజుల్లో దాన్ని తిరుగుబోతుతనం అనేవాళ్ళు," అన్నాడు దాలయ్య. తలుపు బందులు కొనడానికొచ్చిన బెంగాలీ ఆయన ఎదుటే పందెం కూడా కట్టాడు. "విను. మే నెల వైజాగ్ ఓడ హాడో జెట్టీకి తగిలేలోగా, నెలనెలా నీ దగ్గరకే వచ్చే కస్టమర్ని ఒక్కణ్ణి చూపించు. చూపిస్తే నీ దారి నీది. లేకపోతే ఆ ఓడలో దిగే మేకులన్నీ నువ్వే తూచాలి. పెళ్ళయ్యేదాకా."

ఆ మాటకి పైడిబాబుకి చెమట పట్టింది. తూకానికి కాదు. ఇరవై రెండేళ్ళొచ్చినా వాడి మొహానికి ఒక్క సంబంధం రాలేదు. పెళ్ళయ్యేదాకా అంటే పోయేదాకా అన్నట్టే.

పైడిబాబు ఇల్లు లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్టు గోడ పక్కన. విమానం దిగేటప్పుడు వాళ్ళమ్మ గురువమ్మ ఇడ్లీ కొట్టు మీంచి ఎంత కిందుగా పోతుందంటే, చట్నీలో ఎంత కొబ్బరి వేసిందో పైలట్ చెప్పగలడు. ఆ జనవరిలో ఎన్నడూ లేనన్ని విమానాలు దిగాయి. పైడిబాబు డాబా ఎక్కి దిగేవాళ్ళని లెక్కపెట్టేవాడు. నాలుగు రోజుల్లో లోకజ్ఞానం వచ్చేసింది. పదకొండు జేబుల జాకెట్టు వేసుకున్నవాడు సాయం చెయ్యడానికొచ్చినట్టు. పద్నాలుగు దాటితే సాయం ఎలా చేస్తున్నారో చూడ్డానికొచ్చినట్టు. ఇద్దరికీ ఇక్కడ దారి తెలీదు, భాష తెలీదు. పైడిబాబుకి తెలుగు, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు వచ్చు. నాలుగూ ఒకే ధైర్యంతో మాట్లాడతాడు. తప్పులు కూడా నాలుగింట్లో సమానంగానే చేస్తాడు.

అట్టముక్క మీద 'వెల్కమ్' అని రాసుకుని ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడ్డాడు. జాకెట్లన్నీ నవ్వి, దండం పెట్టి, వెళ్ళిపోయాయి. వారం గడిచింది. అప్పుడు తట్టింది వాడికి, పేరుండాలని. ఐదుగురు తెల్లోళ్ళు దిగితే అందులో ఒకడైనా డేవిడ్ అయ్యి తీరాలని వాడి లెక్క. 'మిస్టర్ డేవిడ్' అని రాశాడు. మొదటిరోజు డేవిడ్ రాలేదు. రెండోరోజు ఒకాయన ఆగి, బోర్డు చూసి, "నా పేరు డేనియల్. పనికొస్తానా?" అనడిగాడు. రూలు రూలే అని పైడిబాబు పంపించేశాడు.

మూడోరోజు డేవిడ్ వచ్చాడు. సన్నగా, ఎర్రగా, పదకొండు జేబులతో వచ్చి, ఒక్క మాట అడక్కుండా ఆటో ఎక్కి కూర్చున్నాడు. హోటల్ దగ్గర దిగాక, "ఇంతకీ మీరెవరు?" అన్నాడు.

"లోకల్ పార్ట్‌నర్, సర్." ముందురోజు ఒక జాకెట్టు ఇంకో జాకెట్టుతో అంటుంటే విన్న మాట అది.

డేవిడ్ సంస్థ పడవలు పోయినవాళ్ళకి పడవలిస్తుంది. దానికి చేపల వేటగాళ్ళు కావాలి, వాళ్ళతో మీటింగు కావాలి, మాట తిప్పి చెప్పేవాడు కావాలి.

"హో జాయేగా సర్," అన్నాడు పైడిబాబు, అయిపోతుందిలే అన్నట్టు.

వాడికి క్లయింట్లు దొరకడం అలా మొదలైంది. డేవిడ్ ఇంకో జాకెట్టుకి చెప్పాడు, ఆ జాకెట్టు ఇంకో జాకెట్టుకి చెప్పింది. మార్చి వచ్చేసరికి పైడిబాబు లేకుండా పోర్ట్‌బ్లెయిర్‌లో మీటింగు జరగడం కష్టమైపోయింది. మీటింగులన్నీ జంగ్లీఘాట్‌లోనే, అదే నలభై మందితో. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు తరాలుగా అక్కడే వేట చేసుకుంటున్నవాళ్ళు. వాళ్ళకి పెద్ద యర్రయ్య. సునామీ రోజు ఆయన పడవ రెండు ముక్కలైంది. ఒక ముక్క దొరికింది. రోజూ దానిమీదే కూర్చుంటాడు. దొరికిన సాయం అంటారా, నాలుగు మంకీ టోపీలు, రెండు స్వెట్టర్లు. అండమాన్‌లో ఆఖరిసారి ఎప్పుడు చలేసిందో యర్రయ్యకి కాదు, ఆయన తాతకి కూడా గుర్తుండదు.

ప్రతి సంస్థా ఒకటే అడిగేది: మీ పేట మ్యాపు మీరే నేలమీద గియ్యండి. యర్రయ్య పెళ్ళాం అప్పలకొండమ్మ ముగ్గుపిండి పట్టుకుని కూర్చునేది. మొదటిసారి ఇళ్ళు, కుళాయి, సముద్రం గీసింది. ఆరోసారికి సముద్రం చుట్టూ మెలికల ముగ్గొచ్చింది. తొమ్మిదోసారికి, ఒక్క కుళాయే ఉంటే ముగ్గు ఒకపక్కకి ఒరిగినట్టుందని ఇంకో మూడు కుళాయిలు పెట్టింది. ఆ ఏడాది ఎక్కడెక్కడి దేశాల్లోనో అచ్చయిన రిపోర్టుల్లో ఆ పేటకి నాలుగు కుళాయిలున్నాయి. జనం మాత్రం ఆ ఒక్కదాని దగ్గరే బిందెలతో కొట్టుకుంటున్నారు.

పని బోలెడు. కానీ ఒక్కో జాకెట్టు రెండ్రోజుల పని చేయించుకుని విమానం ఎక్కేసేది. నెలనెలా వచ్చేది ఏదీ? హాడో వైపు వెళ్ళినప్పుడల్లా దాలయ్య కొట్లోంచి అరిచేవాడు:

"ఒరే ఫ్రీలాన్సూ! నీకోసం కొత్త త్రాసు తెప్పిస్తున్నాన్రా!"

అంతలో డేవిడ్ మంచి కబురు చెప్పాడు. పన్నెండు ఫైబర్ పడవలు హాడోలో దిగాయి. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన స్వయంగా వచ్చి ఇస్తాడు. కార్యక్రమం బాగా జరిగితే పైడిబాబుకి మూడు నెలల పనికి ఫిక్సు కాగితం. నెలనెలా. పైడిబాబుకి ఆ మాట వినగానే మేకులన్నీ సముద్రంలో మునిగిపోతున్నట్టు కనిపించింది.

ఇక్కడ గురువమ్మ కొట్టు సంగతి చెప్పాలి. రోజులో మొదటి బేరం, అదే బోణీ, వెనక్కి పంపకూడదని ఆవిడ పట్టు. బోణీకొచ్చినవాడు ఇడ్లీ పావలాకి అడిగినా ఇచ్చెయ్యాల్సిందే. కాదంటే ఆ రోజంతా కొట్టు మీద ఈగలు తప్ప ఎవరూ వాలరట. ఇరవై రెండేళ్ళుగా కన్నకొడుక్కి అది నూరిపోసింది. డేవిడ్‌కేమో తెల్లారగానే నిక్కరేసుకుని పరిగెత్తే జబ్బు. ఆ రోజు గురువమ్మ ఇంకా అగరొత్తి వెలిగిస్తుండగానే, రొప్పుకుంటూ వచ్చి కొట్టు ముందు ఆగాడు.

"పెద్దాయన మంగళవారం పొద్దున దిగి, మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోతారు. కొత్త పడవలో ఆయన కూర్చుని ఉన్న ఫోటో కావాలి. మంగళవారం ఓకేనా?"

మంగళవారం పూట కొత్త పడవ నీళ్ళలో దించరని చంటిపిల్లాడికీ తెలుసు. పైడిబాబు నోరు 'నో' అనడానికి గుండ్రంగా తిరిగింది. గురువమ్మకి ఇంగ్లీషు రాదు గానీ ఆ నోరు ఎటు తిరుగుతుందో తెలుసు. గరిటె పెట్టి వెనకనుంచి వీపులో పొడిచింది.

"బోణీరా! కాదనకు!"

"హో జాయేగా సర్," అనేసింది వాడి నోరు, దానంతట అదే.

డేవిడ్ పరిగెత్తుకుంటూ పోయాక గురువమ్మ అడిగింది. "ఏటంటాడా బాబు?"

"మంగళారం కొత్త పడవ దించాలంట."

గురువమ్మ బల్లమీద కూలబడింది. "ఓలమ్మో! ఒప్పేసుకున్నావేట్రా ఎదవా?"

"నువ్వేగా కాదనకన్నావు!"

"బోణీ కాదనకన్నాను గానీ, బుర్ర ఇంట్లో పెట్టేసి రమ్మన్నానేటి?"

పైడిబాబు జంగ్లీఘాట్‌కి పరిగెత్తాడు. యర్రయ్య తన సగం పడవ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మంగళారం అన్న మాట వినగానే బీడీ తీసి పక్కన పెట్టాడు. ఆయన బీడీ పక్కన పెట్టాడంటే సునామీ హెచ్చరిక వచ్చినట్టే.

"మతి పోయిందేట్రా నీకు? మంగళారం నా పడవ నీటికి తగల్దు."

"మావా, టిక్కెట్లు తీసేశారు మావా. ఆయన పడవలో కూర్చున్న ఫోటో లేకపోతే నా కాగితం పోద్ది."

"అయితే ఇమానంలోనే కూచోబెట్టి ఫోటో తీసుకో."

"నీటికి తగలకపోతే ఫర్లేదా?"

"తగలకుండా గాల్లో తిప్పుకో. నాకేటి?"

పైడిబాబు రెండు నిమిషాలు నోరు మూసుకున్నాడు. వాడు పుట్టాక అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు. అప్పలకొండమ్మ కంగారుపడి నీళ్ళ చెంబు తెచ్చింది.

"మావా, ఆ పడవ మొయ్యాలంటే ఎంతమంది కావాలి?"

యర్రయ్య బీడీ మళ్ళీ వెలిగించి ఆలోచించాడు. "మా తాతలు ఇంతకంటే పెద్దవి దుంగలేసి మోసేవోళ్ళు. ఇరవై నాలుగు భుజాలు చాలు. ఆ దొర ఎన్ని కేజీలుంటాడు?"

"మామూలుగానే ఉంటాడనుకుంటాను."

మంగళవారం పెద్దాయన విమానం దిగాడు. ఆయన మెట్లు దిగాక విమానం రెండంగుళాలు పైకి లేచింది. గేటు దగ్గర నిలబడి చూసిన యర్రయ్య, "ముప్ఫై రెండు భుజాలు," అన్నాడు పొడిగా.

ఒడ్డున ఇసకలో పన్నెండు పడవలు బంతిపూలు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. అప్పలకొండమ్మ మొదటి పడవ మూతికి పసుపు రాసి, కుంకం పెట్టి, అదే చేత్తో పెద్దాయన నుదుటికీ పెట్టేసింది. ఆయన్ని పడవలో కూర్చోబెట్టారు. పడవ కింద దుంగలు దూర్చి "హైలెస్సా" అంటూ ఎత్తారు. పెద్దాయన మొదట పడవ అంచులు రెండూ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై అడుగులు పోయాక ఒక కన్ను తెరిచాడు. యాభై అడుగులు పోయాక చెయ్యి ఊపడం మొదలెట్టాడు. డేవిడ్ ఫోటోల మీద ఫోటోలు తీస్తున్నాడు.

సగం ఒడ్డు నడిచాక పడవ ఆగిపోయింది.

"ఒరే పైడీ!" పడవ కిందనుంచి యర్రయ్య గొంతు. "పడవలిచ్చారు, బాగుంది. వలలేయిరా? వల్లేకుండా ఎల్లి చేపల్ని పేరెట్టి పిలవాలా? అడుగు. ఇత్తానంటేనే దించుతాం."

పైడిబాబు పడవ పక్కకి పరిగెత్తాడు. "మావా, ఇప్పుడు కాదు మావా! నా మూణ్ణెల్ల కాగితం..."

"నీ కాగితం నీది, నా భుజం నాది. బేగి అడుగు, నొప్పెడతంది."

"ఎందుకు ఆగారు?" అన్నాడు డేవిడ్. పైనుంచి పెద్దాయన కూడా కిందికి వంగి చూస్తున్నాడు. పడవ ఆయన వంగిన వైపే ఒరుగుతోంది. అటువైపు పదహారు మంది ఒకేసారి మూలిగారు.

నిజం చెప్తే క్లయింటు పోతాడు. చెప్పకపోతే క్లయింటు మీదే పడతాడు. పైడిబాబు రెండు చేతులూ జోడించాడు.

"సర్, ఇది మా ఆచారం. మోసిన అతిథి కిందికి దిగేముందు పడవకి ఏదన్నా పెట్టాలి. పడవకి నచ్చేది."

"అలాగా! పడవకి ఏం నచ్చుతుంది?"

"ఎక్కువగా వల, సర్."

"ఒక వల?"

పైడిబాబు కిందికి వంగి అడిగాడు. "పన్నెండు," అంది పడవ కింది గొంతు. "నైలాన్‌ది. కానాగంత చేపలు పడేలా సన్న కన్ను. నాసిరకం తెస్తే ఈసారి నీళ్ళల్లోనే దించుతాం అని చెప్పు."

"పన్నెండు సర్. పడవలన్నీ అక్కచెల్లెళ్ళు. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే అలుగుతాయి."

పెద్దాయన కళ్ళు చెమర్చాయి. "ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈ ఆచారం?"

పైడిబాబు వాచీ చూసుకున్నాడు. ఆచారానికి అప్పటికి నాలుగు నిమిషాల వయసు.

"తాతల నాటిది, సర్."

వలలు శాంక్షనయ్యాయి. ఆయన్ని ఎంత మర్యాదగా దించారంటే, ఆయనకి దిగబుద్ధి కాలేదు. మర్నాడు బుధవారం పొద్దున్నే అప్పలకొండమ్మ మళ్ళీ పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టి, పడవల్ని అసలు సిసలుగా సముద్రంలోకి పంపించింది.

డేవిడ్ పైడిబాబుని గట్టిగా వాటేసుకున్నాడు. "పెద్దాయనకి ఎంత నచ్చిందంటే, ఇక్కడి పని పూర్తిగా విజయవంతమైందని ప్రకటించేశారు. ప్రాజెక్టు మూసేస్తున్నాం. నన్ను వేరే దేశం పంపిస్తున్నారు."

"మరి నా కాగితం, సర్?"

"పని పూర్తయ్యాక కాగితం ఎందుకు?"

ఫ్రీలాన్సులో పైడిబాబు నేర్చుకున్న మొదటి పాఠం అది. పని బాగా చెయ్యాలి గానీ, మరీ అంత బాగా చెయ్యకూడదు.

అయితే ఫోటో మాత్రం ఆగలేదు. జాకెట్టు నుంచి జాకెట్టుకి తిరిగింది. ఏప్రిల్లో పెద్దాయనలందరికీ అదే కావాల్సొచ్చింది. ఏడుగురిని మోశారు. ఒకాయన ఇంజన్లు ఇచ్చి దిగాడు. ఒకాయన ఐసు పెట్టెలిచ్చి దిగాడు. ఒకావిడకి ఎత్తంటే భయం, అందుకని ఖాళీ పడవ మోస్తూ ఆవిణ్ణి పక్కన నడిపించారు. అది ఆడవాళ్ళ ఆచారం అని చెప్పాడు పైడిబాబు. ఆవిడ లైఫ్ జాకెట్లు ఇచ్చింది. యర్రయ్య ఇప్పుడు ముందే ఫోటో తెమ్మంటున్నాడు, మనిషిని చూసి భుజాల లెక్క చెప్పడానికి.

ఒక్కరూ రెండోసారి రాలేదు. ఎవరు మాత్రం ఒకే ఆచారానికి రెండుసార్లు మురుస్తారు? మే నెల మొదట్లో ఇంకో పెద్దాయన్ని తీసుకొచ్చేసరికి ఒడ్డున మోసేవాళ్ళే లేరు. పడవలున్నాయి, వలలున్నాయి, ఇంజన్లున్నాయి. ఇంకా ఎవడు మీటింగుకొస్తాడు? అందరూ వేటకెళ్ళిపోయారు. పేటలో మిగిలింది నలుగురు ముసలమ్మలు, ఒక మేక. పెద్దాయన ఒడ్డున ఉన్న పాత పడవెక్కి కూర్చున్నాడు. పడవ లేవలేదు.

"ఇది కూర్చునే ఆచారం, సర్," అన్నాడు పైడిబాబు.

ఆయన అరగంట కూర్చుని, ఏమీ ఇవ్వకుండా దిగి వెళ్ళిపోయాడు. తర్వాత జాకెట్లే రావడం మానేశాయి. వానలు దగ్గరపడుతున్నాయిగా.

వైజాగ్ ఓడ చెప్పిన రోజుకే వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆలస్యం కాకుండా వచ్చింది, పైడిబాబు మీద కక్షకొద్దీ. హాడో జెట్టీ నుంచి మేకుల పెట్టెలు దాలయ్య కొట్టు ముందు దిగుతున్నాయి. దాలయ్య కొత్త త్రాసు పక్కన కొత్త స్టూలు కూడా వేసి పెట్టాడు.

"రారా అబ్బాయ్. ఏడీ నీ కస్టమరు? తలుపు దగ్గర సిగ్గుపడుతున్నాడా?"

పైడిబాబు స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి పెట్టె మూత తీశాడు. రెండంగుళాల మేకులు. ఆ వాసన ముక్కుకి తగలగానే ముప్ఫై ఏళ్ళు ఒకేసారి మీద పడ్డట్టయింది. అప్పుడు తాడు కొనడానికి యర్రయ్య లోపలికొచ్చాడు.

"ఇక్కడున్నావేట్రా? నీకోసం లంబాలైన్ దాకా పోయొచ్చాను. మీయమ్మ ఇడ్లీ పెట్టి గానీ ఒదల్లేదు." దాలయ్య వైపు తిరిగి దండం పెట్టాడు. "ఈణ్ణి తీసుకుపోవాలి సేటూ."

"దేనికి?"

"పన్నెండు పడవలు ఒకే గంటకి ఒకే కానాగంతలు తెచ్చి ఒకే ఒడ్డున పోత్తన్నాయి. కొనేవోడు మా మొగాలు చూసి నవ్వుతున్నాడు. అక్కడ సునామీ షెల్టర్లు కట్టే కాంట్రాక్టర్ల క్యాంపుల్లో వందలమంది కూలీలు పప్పు తింటా కూచున్నారు. ఆళ్ళ దగ్గిరికెల్లి మాటాడేవోడు కావాల. మాకు హిందీ వచ్చు గానీ, ఈడిలాగ సిగ్గు లేకుండా మాటాడ్డం రాదు."

"వీడికి చేపల గురించి ఏం తెలుసయ్యా?"

"ఏటీ తెల్దు. తెలీని వాటి గురించే ఈడు బాగా మాటాడతాడు." యర్రయ్య పైడిబాబు భుజం మీద చెయ్యేశాడు. "పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా తీత్తాం గదా. ఇకనుంచి పడవకి అర వాటా నీది."

పైడిబాబు చేతిలోంచి మేకులు పెట్టెలోకి జారిపోయాయి. దాలయ్య మాత్రం అంత తేలిగ్గా ఒదిలే మనిషి కాదు.

"నేను చెప్పింది నెలనెలా వచ్చే కస్టమరు."

"నెలనెలా రాలేను బాబూ," అన్నాడు యర్రయ్య. "రోజూ వత్తాను. పర్లేదా?"

దాలయ్య కొత్త త్రాసు తీసి బల్ల కింద పెట్టేశాడు. తలుపు బందులు బాగోలేవని వెనక్కివ్వడానికొచ్చిన బెంగాలీ ఆయన, "హార్ గయే, దాదా," అని ఓటమి తేల్చేశాడు జాలిగా.

బయట ఆటోలో అప్పలకొండమ్మ మూడు గంపల మధ్య ఇరుక్కుని కూర్చునుంది. ఎండెక్కుతోంది, తడి గోనె మీద ఈగలు ముసురుతున్నాయి. పైడిబాబు ఒక గంప ఒళ్ళో పెట్టుకుని ఎక్కాడు. ఆటో కదిలింది. గోనె ఎత్తి చూశాడు. లోపల రకరకాల వెండి రంగులు, రకరకాల మీసాలు, ఒకటి వాడి వంకే గుడ్లురిమి చూస్తోంది.

"అత్తా, వీటిలో ఏది ఏ చేప?"

అప్పలకొండమ్మ వాణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. గోనె లాక్కుని మళ్ళీ కప్పేసింది.

"సెప్తాను పద. క్యాంపులో మాత్రం ఇవాళ నువ్వు నోరు తెరవకు."